ప్యాట్రిక్ ట్రౌటన్: చెరిపేసిన టేపులు, మిగిలిన రీళ్లు

కాలంలో ప్రయాణించే ‘డాక్టర్’ కథ అయిన బీబీసీ సీరియల్ ‘డాక్టర్ హూ’లో ఆ పాత్ర వేసిన రెండో నటుడిగా ప్యాట్రిక్ ట్రౌటన్ హయాంలో ప్రసారమైనవి 119 భాగాలు. 2013లో దొరికిన తొమ్మిదింటిని కలుపుకున్నాక కూడా వాటిలో 53 భాగాలకు బొమ్మ లేదు. స్టూడియో తగలబడలేదు, దొంగలు పడలేదు. తీసిన సంస్థే చేతులారా చెరిపేసింది. ఏ ఒక్క గుమాస్తా నిర్లక్ష్యమో కాదిది. టీవీలో నటించినదాన్ని దాచిపెట్టడం ఆనాటి పద్ధతిలో ఎవరి బాధ్యతా కాదు.

ట్రౌటన్ 1920 మార్చి 25న లండన్‌లోని మిల్ హిల్‌లో పుట్టారు. యుద్ధకాలంలో నౌకాదళంలో గన్‌బోట్ల మీద పనిచేసి, తర్వాత బ్రిస్టల్ ఓల్డ్ విక్ వంటి నాటక బృందాల్లో చేరారు. లారెన్స్ ఒలివియర్ తీసిన ‘హామ్లెట్’ (1948), ‘రిచర్డ్ ది థర్డ్’ (1955)లలో చిన్న వేషాలు వేశారు. కానీ నాటకాన్ని ఆయన ‘సాయంత్రం పూట అరుపులు’ అనేవారు. 1947లోనే టీవీకి వచ్చారు. 1953లో టీవీ తెరకు తొలి రాబిన్ హుడ్ ఆయనే. ఆ ఆరు భాగాలూ లైవ్‌గా ఆడినవి, మిగిలింది ఒక్కటే. ఆ రోజుల్లో ఆదివారం రాత్రి ప్రసారమైన నాటకాన్ని మళ్లీ చూపించాలంటే గురువారం నటులందరూ స్టూడియోకి వచ్చి మొదటినుంచీ ఆడేవారు. ఆడితే ఉన్నట్టు, ఆపితే లేనట్టు.

వీడియో టేపు వచ్చాక కూడా పని తీరు నాటకానిదే. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం బాగోలేక తప్పుకోవడంతో 1966 అక్టోబరు 29న ట్రౌటన్ ఆ పాత్రలోకి వచ్చారు. వారమంతా రిహార్సల్స్, చివర ఒక రోజు స్టూడియోలో కెమెరాలతో అభ్యాసం, అదే రాత్రి పాతిక నిమిషాల భాగం రికార్డింగు. రెండంగుళాల టేపును బ్లేడుతో కోసి అతికించాలి. కోసిన టేపు మళ్లీ వాడకానికి పనికిరాదు కాబట్టి కోతలకు లెక్క ఉండేది. అందుకే చిన్న తడబాట్లు అలాగే ప్రసారమయ్యేవి. ఏడాదికి నలభై భాగాల పైచిలుకు చేస్తుంటే మధ్యలో ఒక వారం సెలవు దొరకడమే గగనం. ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ అనే కథ రెండో భాగంలో ట్రౌటన్ కనిపించకపోవడానికి అదే కారణం.

టేపు ఖరీదైనది. ప్రసారం అయిపోతే చెరిపి ఇంకో కార్యక్రమానికి వాడుకునేవారు. నటుల సంఘం ఈక్విటీతో ఉన్న ఒప్పందం పునఃప్రసారాలకు గట్టి పరిమితులు పెట్టింది. పాతవి తిప్పితిప్పి వేస్తే కొత్త పని దొరకదని నటుల భయం, అది న్యాయమైన భయమే. గడువు దాటిన టేపు బీబీసీ లెక్కలో అల్మారాకు బరువు. 1969 నవంబరులో బీబీసీ వన్‌కి రంగులొచ్చాక నలుపు తెలుపును అడిగేవాళ్లూ తగ్గారు.

చెరిపేముందు విదేశాలకు అమ్మడానికి టెలిరికార్డింగ్ చేసేవారు: మానిటరు ఎదుట 16 ఎం.ఎం. కెమెరా పెట్టి తెర మీది బొమ్మను ఫిల్ముకెక్కించడం. వీడియోలో సెకనుకు 50 సార్లు మారే కదలిక ఫిల్ములో 25కు పడిపోతుంది, అందుకే ఆ రీళ్లలో నడక కాస్త మొద్దుగా కనిపిస్తుంది. ఒక దేశం వేసుకున్న ప్రింటు తరచూ ఇంకో దేశానికి వెళ్లేది. చివరి స్టేషన్ దాన్ని తిప్పి పంపాలి, లేదా నాశనం చేసినట్టు రాసివ్వాలి. ఇటు లండన్‌లో అమ్మకాల విభాగం తన దగ్గరున్న ఫిల్ముల్నీ 1972 నుంచి 1978 దాకా పారేస్తూ వచ్చింది. టేపుల వాళ్లు ఫిల్ములున్నాయి కదా అనుకున్నారు, ఫిల్ముల వాళ్లు టేపులున్నాయి కదా అనుకున్నారు. 1978లో భద్రపరచాల్సినవి ఎంపిక చేసే ఉద్యోగంలో స్యూ మాల్డెన్‌ను నియమించాక గానీ ఈ వినాశనం ఆగలేదు.

శబ్దం మాత్రం మొత్తం దక్కింది. ఇళ్లలో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని అభిమానులు రికార్డు చేసుకున్న పుణ్యమది. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ ప్రసారమవుతుండగా తెరనే ఫొటోలు తీసి నటులకు, దర్శకులకు అమ్మేవాడు. చాలా భాగాలకు ఆ ఫొటోలే ఆధారం. ‘ఫ్యూరీ ఫ్రమ్ ది డీప్’ ఆరు భాగాలూ పోయినా, పిల్లలు జడుసుకుంటారని ఆస్ట్రేలియా సెన్సారు కత్తిరించిన ముక్కలు అక్కడి ప్రభుత్వ భాండాగారంలో బతికి, 1996లో బయటపడ్డాయి.

పూర్తి కథలు దొరికినవి విదేశీ స్టేషన్లలోనే. ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ నాలుగు భాగాలూ హాంకాంగ్ నుంచి 1992లో బీబీసీకి చేరాయి. ఆ తర్వాత పోయిన టీవీ రీళ్ల కోసం వెతికే ఫిలిప్ మోరిస్ నైజీరియాలోని జోస్ పట్టణపు టీవీ కేంద్రంలో పాత రీళ్లు పట్టుకున్నాడు. 2013 అక్టోబరులో ప్రకటించారు. వాటిలో ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ నా దృష్టిలో అతి విలువైనది. అందులో డాక్టర్, నియంత సాలమాండర్ రెండు పాత్రలూ ట్రౌటనే వేశారు. అంతవరకూ ఒక్క మూడో భాగమే ఉండటంతో, ఆయన గొంతూ ఒళ్లూ మార్చి ఇద్దరు మనుషులుగా నిలిచిన తీరును పూర్తిగా చూసే వీలు దశాబ్దాలపాటు ఎవరికీ లేకపోయింది. మళ్లీ చూసుకునే వీలు ఆయనకూ దక్కలేదు. 1987 మార్చి 28న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అభిమానుల సభకు వెళ్లి అక్కడే కన్నుమూశారు.

అప్పుడే దొరికిన ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’లో మూడో భాగం ఇంకా లేదు. సీరియల్లో ఆ తర్వాత ఏళ్ల తరబడి కొనసాగిన సైనికాధికారి లెత్‌బ్రిడ్జ్-స్టీవార్ట్ పాత్ర మొదటిసారి అడుగుపెట్టింది ఆ భాగంలోనే.