సిడ్నీ పోయిటియర్ వద్దన్న పాత్ర

ప్రియమైన పిల్లలూ,

సిడ్నీ పోయిటియర్ ఎవరు తాతయ్యా, ఆయన సంగతి వస్తే మీకు అంత ఇష్టమెందుకు అని అడిగారు కదా. ఫోనులో రెండు మాటలు చెప్పి ముగించడానికి నాకు మనసొప్పలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీరూ తీరిగ్గా చదవండి.

సిడ్నీ పోయిటియర్ హాలీవుడ్‌లో పేరుపొందిన నల్లజాతి నటుడు. ముందుగా ఆయన కాలం ఎలాంటిదో చెప్పాలి. ఆయన సినిమాల్లోకి వచ్చేనాటికి హాలీవుడ్‌లో నల్లజాతి నటులకు దొరికే వేషాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంటి పనిమనిషి, కారు డ్రైవరు, రైల్లో సామాన్లు మోసే కూలీ, చీకటిని చూస్తే వణికిపోయే పిరికివాడు. వాళ్లను చూసి ప్రేక్షకులు నవ్వుకోవాలి, అంతవరకే వాళ్ల పని. హాటీ మెక్‌డానియల్ అనే గొప్ప నటి పనిమనిషి పాత్రకే 1940లో ఆస్కార్ అందుకున్నారు. ఆ బహుమతి పొందిన మొట్టమొదటి నల్లజాతి వ్యక్తి ఆవిడే. కానీ ఆ వేడుక జరిగిన లాస్ ఏంజెలెస్ హోటల్లోకి నల్లజాతివారికి ప్రవేశం లేదు. నిర్మాత ప్రత్యేకంగా అడిగితే రానిచ్చారు. రానిచ్చి, తన సినిమాలో నటించిన తోటివారి పక్కన కాకుండా గోడవారగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సన్మానం, అవమానం ఒకే రాత్రి జరిగిపోయాయి. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

సిడ్నీ తల్లిదండ్రులు బహమాస్ దీవుల్లోని క్యాట్ ఐలాండ్‌లో టమాటాలు పండించే రైతులు. తండ్రి పేరు రెజినాల్డ్, తల్లి పేరు ఎవెలిన్. పంట అమ్ముకోవడానికి వాళ్లు అమెరికాలోని మయామీకి వెళ్లినప్పుడు, 1927 ఫిబ్రవరి 20న, నెలలు నిండకుండానే ఈ బిడ్డ పుట్టాడు. బతకడని అందరూ అనుకున్నారు. పాతిపెట్టడానికి తండ్రి చిన్న పెట్టె కూడా తెచ్చి ఉంచాడట. తల్లి మాత్రం ఆశ వదులుకోలేదు. సోది చెప్పే ఒకామె దగ్గరికి వెళ్లి అడిగింది. ఈ బిడ్డకు ఏమీ కాదు, రాజుల సరసన నడుస్తాడు అని ఆమె చెప్పిందని సిడ్నీ పెద్దయ్యాక ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నారు.

ఆ దీవిలో కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు. ఉన్నదల్లా సముద్రం, పొలం. బహమాస్ టమాటాలను రానివ్వకూడదని, మయామీ ఉన్న ఫ్లోరిడా రాష్ట్రం నిర్ణయించడంతో ఆ పంటకు గిరాకీ పోయింది. ఎక్కడో ఎవరో చేసిన ఒక్క సంతకంతో ఒక రైతు కుటుంబం ఊరు విడిచి రాజధాని నాసావుకు చేరింది. అప్పటికి సిడ్నీకి పదేళ్లు. మోటారు కారును చూడటం అక్కడే మొదలు, సినిమా చూడటమూ అక్కడే మొదలు. అది గుర్రాలు, పశువుల మందలు ఉన్న కౌబాయ్ సినిమా. ఆట అయిపోగానే పిల్లవాడు హాలు వెనక్కి పరుగెత్తి, లోపలి పశువులన్నీ ఎప్పుడు బయటికి వస్తాయా అని ఎదురుచూస్తూ నిలబడ్డాడు! ఈ సంగతి చదివినప్పుడల్లా ఆ పిల్లవాణ్ని దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది నాకు.

పదిహేనేళ్లకు మయామీలో ఉన్న అన్న దగ్గరికి పంపారు. అక్కడ ఒక దుకాణంలో సరుకులు ఇళ్లకు చేరవేసే పని దొరికింది. ఒకరోజు ఒక తెల్లజాతి ఇల్లాలి ఇంటికి పొట్లం తీసుకుని వెళ్లి ముందు తలుపు తట్టాడు. దొడ్డిదారిన రమ్మని ఆమె గద్దించింది. అతనికి అర్థం కాలేదు. ఇదిగో తలుపు, ఇదిగో మీరు, ఇదిగో పొట్లం, మరి చుట్టూ తిరిగి రావడం ఎందుకు? పొట్లం గుమ్మంలోనే పెట్టి వచ్చేశాడు. ఆ తరువాత అతన్ని వెతుక్కుంటూ కూ క్లక్స్ క్లాన్ మనుషులు అన్న ఇంటికి వచ్చారు. క్లాన్ అంటే ముసుగులు వేసుకుని నల్లజాతివారిని భయపెట్టిన, కొట్టిన, చంపిన తెల్లజాతి ముఠా. సిడ్నీ పెరిగిన దీవిలో దాదాపు అందరూ నల్లవాళ్లే. తాను ఎవరికైనా తక్కువని చిన్నప్పుడు అతనికి ఎవరూ నేర్పలేదు. ఆ పాఠం మయామీ నేర్పబోయింది, అతను నేర్చుకోలేదు. పదహారేళ్లకు న్యూయార్క్ వెళ్లిపోయాడు.

అక్కడ హోటళ్లలో గిన్నెలు తోమాడు. గది అద్దెకు డబ్బుల్లేక బస్ స్టేషన్లలో, మేడల మీద పడుకున్నాడు. చలి తట్టుకోలేక వయసు ఎక్కువ చెప్పి కొంతకాలం సైన్యంలోనూ చేరాడు. తిరిగి వచ్చాక గిన్నెలు తోమే పని కోసం పత్రికలో ప్రకటనలు వెతుకుతుంటే, పక్కనే నటులు కావాలన్న ప్రకటన కనిపించింది. న్యూయార్క్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెం పేటలోని అమెరికన్ నీగ్రో థియేటర్ అనే నాటకశాలకు వెళ్లాడు. చేతిలో నాటకం ప్రతి పెట్టి చదవమన్నారు. బడికి వెళ్లింది ఏడాదో ఏడాదిన్నరో. అక్షరాలు కూడబలుక్కుంటూ, దీవి యాసలో చదివాడు. పరీక్ష పెట్టిన పెద్దమనిషి మెడ పట్టుకుని బయటికి నడిపించి, మా సమయం పాడుచెయ్యకు, వెళ్లి గిన్నెలు తోముకో అన్నాడు.

దారిలో నడుస్తూ సిడ్నీ ఒకటే ఆలోచించాడు. నేను గిన్నెలు తోముతానని ఆయనకు చెప్పనే లేదు కదా! నన్ను చూడగానే నా బతుకంతా అంతేనని అనిపించిందా? నటుణ్ని కావాలన్న కోరిక అతనికి ఆ క్షణం దాకా లేదు. అప్పుడు పుట్టింది.

ఒక రేడియో కొన్నాడు. రాత్రిళ్లు వార్తలు చదివేవాళ్లను వింటూ, వాళ్ల పలుకును తన నోట పలికించుకుంటూ నెలల తరబడి సాధన చేశాడు. ఇక చదువు. పనిచేసే హోటల్లో ఒక ముసలి యూదు వెయిటర్ ఉండేవాడు. ఒక రాత్రి ఆయన పత్రిక చదువుతూ, ఇవాళ విశేషాలేమిటని సిడ్నీని పలకరించాడు. నాకు సరిగా చదవడం రాదు, చెప్పలేను అన్నాడు సిడ్నీ. అయితే నాతో కలిసి చదువుతావా అని ఆయన అడిగాడు. ఆ రోజు నుంచి కొన్ని వారాల పాటు, పని ముగిసి మిగతా వెయిటర్లు భోజనం చేస్తున్న వేళ, ఆ ఇద్దరూ వంటగది తలుపు దగ్గర బల్ల ముందు కూర్చునేవారు. ఒక్కో వాక్యం, ఒక్కో పదం. కామా దగ్గర ఎందుకు ఆగాలి, పెద్ద మాటను ఎలా విడగొట్టి చదవాలి, అన్నీ ఆయనే నేర్పాడు. ఈ జీవితకథలో అందరికన్నా నాకు ఇష్టమైన మనిషి ఆ వెయిటరే. పేరు మనకు తెలియదు. పేరు వచ్చాక సిడ్నీ ఆయన కోసం వెతికారు, దొరకలేదు. ఎనభై దాటిన వయసులో కూడా టీవీలో ఆ సంగతి చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

అదే నాటకశాలకు మళ్లీ వెళ్లి, జీతం వద్దు, ఊడ్చి తుడుస్తాను, నేర్పండి అని అడిగి చేరాడు. అక్కడి నుంచి చిన్న వేషాలు, తరువాత న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే, 1950లో ‘నో వే ఔట్’ అనే సినిమా. అందులో ఆయనది డాక్టర్ పాత్ర. నల్లజాతి డాక్టర్ను తెర మీద అంత గౌరవంగా చూపడం అప్పటికి అరుదు. నాసావులో ఆ సినిమా చూసిన తల్లిదండ్రులకు జీవితంలో అదే మొదటి సినిమా. చివర్లో ఒక తెల్లజాతి దుర్మార్గుడు పిస్తోలుతో డాక్టర్ను కొడతాడు. ఎవెలిన్ హాల్లో లేచి నిలబడి, తిరిగి కొట్టు సిడ్నీ, నువ్వు వాడికి ఏం అపకారం చేశావని కొడుతున్నాడు అని అరిచిందట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న సంగతి. సినిమాలు వచ్చాయని డబ్బు రాలేదు. 1950లలో ఒకప్పుడు భార్య నిండు గర్భిణి, ఆసుపత్రి ఖర్చుకు చేతిలో చిల్లిగవ్వ లేదు. సరిగ్గా అప్పుడు వారానికి 750 డాలర్ల పాత్ర వచ్చింది. ఒక జూదశాలలో ఊడ్చే పనివాడు అక్కడి హత్యను చూస్తాడు. నోరు విప్పకుండా ఉండటానికి దుండగులు అతని కూతుర్ని చంపి ఇంటి ముందు పడేస్తారు. అతను మాట్లాడడు. కథ అతన్ని వదిలేసి ముందుకు పోతుంది. సిడ్నీ వద్దన్నారు. పాత్రలో నల్లజాతిని తిట్టే మాట ఒక్కటీ లేదు కదా, ఎందుకు వద్దు అని, నటులకు వేషాలు కుదిర్చే ఏజెంటు మార్టిన్ బామ్ అడిగితే వివరించలేకపోయారు. ఆయన కళ్ల ముందున్నది తండ్రి. తన బిడ్డను చంపినవాణ్ని రెజినాల్డ్ ఊరికే వదిలేవాడా? అలాంటి తండ్రి కొడుకు ఆ పాత్ర ఎలా వేస్తాడు?

ఆ వెంటనే వెళ్లి ఇంట్లో సామాన్లు తాకట్టు పెట్టి 75 డాలర్లు అప్పు తెచ్చి పురుడు పోయించారు. ఇంత అవసరంలోనూ కాదన్న మనిషికి నేనే ఏజెంటుగా ఉంటాను అని తరువాత మార్టిన్ బామ్ ముందుకు వచ్చాడు. ఆ స్నేహం దశాబ్దాలు నిలిచింది. ఆయన చేసిన గొప్ప పాత్రల గురించి అందరూ రాస్తారు. చెయ్యనన్న ఈ పాత్రే ఆయన గొప్ప పాత్ర అని నేనంటాను.

ఆ తరువాతి సంగతులు త్వరగా చెబుతాను. 1958లో వచ్చిన ‘ది డిఫయంట్ వన్స్’ సినిమాకు ఉత్తమ నటుడి ఆస్కార్ పోటీలో నిలిచారు. నల్లజాతి పురుషుడు ఒకరు ఆ విభాగంలో పోటీకి రావడం అదే మొదలు. 1963లో ‘లిలీస్ ఆఫ్ ది ఫీల్డ్’ అనే చిన్న సినిమా, ఎడారి ప్రాంతంలో కొందరు సన్యాసినులకు ప్రార్థనాలయం కట్టిపెట్టే మనిషి కథ. రెండు వారాల్లో చిత్రీకరణ అయిపోయింది. దానికే 1964 ఏప్రిల్ 13న ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్నారు. ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి నటుడు ఆయనే.

ఆ వేసవిలోనే మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతివారి ఓటుహక్కు కోసం పనిచేస్తున్న యువకులకు డబ్బు చేరవెయ్యడానికి, మిత్రుడు, గాయకుడు, నటుడు అయిన హ్యారీ బెలఫాంటేతో కలిసి గ్రీన్‌వుడ్ వెళ్లారు. చీకట్లో క్లాన్ మనుషులు వాహనంతో వెంటబడ్డారు. ఆస్కార్ వచ్చినంత మాత్రాన ఆ రోడ్డు మీద ఆయన ప్రాణానికి రక్షణ లేదు. అందుకే మిసిసిపీ కథగా, 1967లో విడుదలైన ‘ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్’ తీసేటప్పుడు దక్షిణాదికి రానన్నారు. ఉత్తరాన ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్పార్టా అనే ఊళ్లో తీశారు. పత్తి తోట దృశ్యాలకు కొద్ది రోజులు దక్షిణాదిలోని టెనెసీ వెళ్లక తప్పలేదు. అక్కడ తలగడ కింద తుపాకీ పెట్టుకుని పడుకున్నారు.

ఆ పత్తి తోటలోనే ఒక దృశ్యం ఉంది. డిటెక్టివ్‌గా వచ్చిన పోయిటియర్ ప్రశ్న అడిగితే, తోట యజమాని అయిన తెల్లదొర ఆయన చెంప మీద కొడతాడు. డిటెక్టివ్ ఒక్క క్షణం కూడా ఆగకుండా తిరిగి కొడతాడు. పదిహేడేళ్ల కిందట ఎవెలిన్ హాల్లో లేచి అరిచింది దీనికోసమే! తిరిగి కొట్టడం ఉంటేనే నటిస్తానని, సినిమా ఎక్కడ ఆడినా ఆ దెబ్బ కత్తిరించకూడదని ముందే మాట తీసుకున్నానని పోయిటియర్ చెప్పారు. హాళ్లలో జనం నిర్ఘాంతపోయారు. అమెరికా తెర మీద తెల్లదొరను నల్లమనిషి అలా తిరిగి కొట్టడం అంతకుముందు వాళ్లెవరూ చూసి ఉండరు.

అదే ఏడాది లండన్ బడిపంతులుగా ‘టు సర్, విత్ లవ్’, తెల్లజాతి అమ్మాయిని పెళ్లాడబోయే డాక్టర్‌గా ‘గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్’ వచ్చాయి. అలాంటి పెళ్లిని నేరంగా చూసే చట్టాలు ఆ ఏడాది జూన్ దాకా 16 రాష్ట్రాల్లో ఉన్నాయి. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. మూడు సినిమాలూ విరగబడి ఆడాయి. ‘ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్’ ఉత్తమ చిత్రంగా నిలిచింది, అందులో పోలీసు అధికారిగా వేసిన రాడ్ స్టైగర్ ఉత్తమ నటుడయ్యారు. మూడింటిలోనూ ప్రాణం పెట్టిన పోయిటియర్‌కు పోటీలో కూడా చోటు దక్కలేదు. ఇది అన్యాయమే, మరోలా చెప్పడం నాకు చేతకాదు.

ఆయన్ను సొంతవాళ్లు కూడా విమర్శించారు, అది మీకు దాచకూడదు. ఎప్పుడూ మచ్చలేని మంచివాడి పాత్రలేనా, తెల్లవాళ్లకు నచ్చే నల్లమనిషినే చూపిస్తున్నారు, కోపం లేదు, ప్రేమ లేదు అని 1967లో పత్రికల్లో రాశారు. పెళ్లి కథ సినిమాలో కూడా ఆ జంట ముద్దును కారు అద్దంలో ప్రతిబింబంగానే చూపారు. విమర్శలో నిజం ఉంది. కానీ అప్పట్లో అగ్ర నటుడి స్థానంలో ఆయన ఒక్కడే ఉన్నాడు. ఒక పాత్రలో తడబడితే లక్షలమందిని దానితోనే కొలిచేవారు. తెల్లజాతి నటుడికి దొంగగానూ, తాగుబోతుగానూ వేసే స్వేచ్ఛ ఉంది, ఈయనకు లేదు. ఆ మాటలకు ఆయన నొచ్చుకున్నారు. 1970లలో దర్శకుడిగా మారి, నల్లజాతి నటులతో నిండిన హాస్య చిత్రాలు తీశారు. అక్కడ అందరూ దర్జాగా తప్పులు చేస్తారు, నవ్విస్తారు. 1980లో ఆయన తీసిన ‘స్టర్ క్రేజీ’ అమెరికాలోనే పది కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది.

తరువాత జపాన్‌కు బహమాస్ రాయబారిగా 1997 నుంచి పదేళ్లు పనిచేశారు. సోది చెప్పినామె మాట ఆ లెక్కన నిజమే అయింది. 2002 మార్చిలో ఆయనకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. అదే రాత్రి డెంజెల్ వాషింగ్టన్ ఉత్తమ నటుడయ్యారు. ఒక నల్లజాతి నటుడి తరువాత మరొకరు ఆ బహుమతి అందుకోవడానికి 38 ఏళ్లు పట్టింది. డెంజెల్ బహుమతి పైకెత్తి, ప్రేక్షకుల్లో ఉన్న ఆ పెద్దాయనకు చూపించారు. ఆయనా లేచి తన బహుమతిని పైకెత్తారు. 2022 జనవరి 6న, 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ముందు ‘లిలీస్ ఆఫ్ ది ఫీల్డ్’ చూడండి, మీ చిన్నవాడు కూడా చూడవచ్చు. ఆ తరువాత ‘టు సర్, విత్ లవ్’. ‘ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్’ మాత్రం పెద్దపిల్లలే, అమ్మానాన్నల పక్కన కూర్చుని చూడండి. అందులో వినడానికి కష్టమైన మాటలున్నాయి, అర్థం కానివి ఆపి అడగండి. చూశాక, ఆ పత్తి తోట దృశ్యంలో పక్కన ట్రే పట్టుకుని నిలబడిన నల్లజాతి పనివాడి ముఖంలో మీకేం కనిపించిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య