గజాలు, బారలు: తాడు కొలతలో అపోహలు - వాస్తవాలు

కావలిలో వలలు, తాళ్లు అమ్మే కొట్టు నాది. జువ్వలదిన్నె, ఇసకపల్లి, రామాయపట్నం, కొత్తపట్నం నుంచి వచ్చే మత్స్యకారులు బారల్లో అడుగుతారు. పెద్దవాళ్లు కొందరు గజాలంటారు. తాడు చుట్ట మీద మాత్రం మీటర్లు ఉంటాయి. ఈ మూడూ కలగాపులగమైతే నష్టపోయేది సముద్రం మీద ఉన్నవాళ్లే.

అపోహ: ఎవరు చేతులు చాపినా బార బారే.

వాస్తవం: లెక్కకు రెండు మూరలు ఒక గజం, నాలుగు మూరలు ఒక బార. అంటే బారకు రెండు గజాలు, ఆరడుగులు. సముద్రం లోతుకు ఇంగ్లీషులో వాడే ఫాథమ్ అన్నా ఇదే కొలత. అయితే మనిషి చేతులు బార్లా చాపితే వచ్చేది దాదాపు అతని ఎత్తే. అయిదడుగుల అయిదంగుళాల మనిషి ఇరవై బారలు కొలిస్తే వచ్చేది 108 అడుగుల 4 అంగుళాలు. రావలసింది 120. దాదాపు రెండు బారలు తక్కువ! కొలిచినవాడు మోసం చేయలేదు, అతని చేతులు అంతే. "అన్నా, నీ చేత్తోనే కొలువు" అని నమ్మకంగా అడిగేవాళ్లకూ నేను టేపుతోనే కొలిచి ఇస్తాను.

అపోహ: గజం, మీటరు ఒకటే.

వాస్తవం: గజం 0.9144 మీటరు. 1959లో ఖరారైన అంకె ఇది. నూరు గజాలంటే 91.44 మీటర్లే. బార 1.8288 మీటర్లు. 220 మీటర్ల చుట్ట 120 బారల పైన కాస్త వస్తుంది, గజాల్లో 240.

అపోహ: లోతు చూపే యంత్రంలో కనిపించే అంకె ఎప్పుడూ మీటర్లే.

వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. ఎకో సౌండర్‌ను మీటర్లకు, అడుగులకు, ఫాథమ్‌లకు మార్చుకోవచ్చు. పడవ చేతులు మారినప్పుడు ఆ అమరిక ఎవరూ చూడరు. తెర మీద 12 కనిపించింది, లోతుకు అయిదింతలు లంగరు తాడు వదలాలనుకున్నారు. మీటర్లనుకుని 60 మీటర్లు వదిలారు. అది నిజానికి 12 బారలైతే కావలసింది 60 బారలు, దగ్గర దగ్గర 110 మీటర్లు. వదిలింది లోతుకు మూడింతలు కూడా లేదు. గాలి లేస్తే లంగరు పట్టదు, పడవ కొట్టుకుపోతుంది. వేటకు వెళ్లే ముందు యూనిట్ ఏదో సెట్టింగుల్లో చూడండి. పాత సముద్ర పటాల్లోనూ అంతే, లోతులు ఫాథమ్‌లలోనా మీటర్లలోనా అన్నది పటం పేరు కిందే అచ్చువేసి ఉంటుంది.

అపోహ: స్థలం గజం, తాడు గజం ఒకటే.

వాస్తవం: స్థలానికి చెప్పేది చదరపు గజం, తొమ్మిది చదరపు అడుగులు. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి ఎనిమిది చదరపు గజాలు. దాన్ని బారల్లోకి మార్చడం కుదరదు, అది వైశాల్యం.

తాడు కొనేటప్పుడు బారలే చెప్పండి, కానీ బిల్లు మీద మీటర్లు కూడా రాయించుకోండి. ఇరవై బారలకు 36.6 మీటర్లు ఉండాలి.