తనకంటే పెద్దవాళ్లకు తండ్రి: గుమ్మడి

1955లో వచ్చిన ‘అర్ధాంగి’లో గుమ్మడి వెంకటేశ్వరరావు జమీందారు. అక్కినేని నాగేశ్వరరావు, జగ్గయ్య ఆయన కొడుకులు. అప్పటికి గుమ్మడికి నిండా ముప్పై ఏళ్లు లేవు. అక్కినేని ఆయనకంటే వయసులో పెద్దవాడు కూడా. అయినా చూసినవాళ్లు ఆ తండ్రీకొడుకుల్ని నమ్మారు. క్యారెక్టర్ ఆర్టిస్టుగా గుమ్మడి జీవితం ఎటు పోయిందో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆయన పుట్టింది 1927లో, అప్పటి గుంటూరు జిల్లా రావికంపాడులో. మొదటి సినిమా 1950 నాటి ‘అదృష్టదీపుడు’. తర్వాత ఎన్టీఆర్ తన సొంత సంస్థ సినిమాలు ‘పిచ్చి పుల్లయ్య’, ‘తోడు దొంగలు’లో మంచి వేషాలిచ్చారు. గుమ్మడి నిలదొక్కుకున్నది అక్కడే. అప్పట్లో హీరోలకు వయసు పెరగకూడదు. తెర మీద ఆ వయసు మోయడానికి ఇంకొకరు కావాలి. నిదానంగా పలికే మాట, తొణకని ముఖం ఉన్న గుమ్మడికి ఆ పని పడింది. ఒకసారి ముసలి వేషం కుదిరాక మళ్లీ కుర్ర వేషం ఎవరిస్తారు?

‘మాయాబజార్’ (1957)లో బలరాముడు ఆయనే. తమ్ముడు కృష్ణుడిగా వేసిన ఎన్టీఆర్ నిజానికి ఆయనకంటే నాలుగేళ్లు పెద్ద. ఆ బలరాముణ్ని చూడండి. ఇట్టే కోపం వస్తుంది, పొగిడితే ఇట్టే కరిగిపోతాడు. చెల్లెలికిచ్చిన మాట తప్పినా మనకు అతని మీద ద్వేషం పుట్టదు, మోసపోయాడే అని జాలేస్తుంది. కోపంలోనూ ఆ అమాయకత్వం పోకుండా చూసుకున్నాడు గుమ్మడి.

నా లెక్కలో మాత్రం ఆయన శిఖరం ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962). ఎన్టీఆర్ శ్రీకృష్ణదేవరాయలైనా సినిమా పేరు తిమ్మరుసుది, కథ తిమ్మరుసుది. కొడుకులా పెంచి గద్దెనెక్కించిన రాజే చివరికి కళ్లు తీయించే శిక్ష వేస్తాడు. అంత దుఃఖాన్ని గొంతు పెంచకుండా మోసిన ఆ నటుడికి అప్పుడు 35 ఏళ్లు.

1977లో పద్మశ్రీ, 1998లో రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చాయి. 2010 జనవరిలో, రంగులద్దిన ‘మాయాబజార్’ చూడటానికి ఆయన స్వయంగా వచ్చారు. ఇది చూడటానికే ఇన్నాళ్లు బతికున్నానేమో అన్నట్టుగా సంతోషపడ్డారు. అదే నెల 26న కన్నుమూశారు. ఆ సినిమా థియేటర్లకు వచ్చింది 30న.