ఆటకు దించిన బుట్ట

చిట్టీ, బుజ్జీ,

మొన్న ఎండలో బయటికి పోనివ్వలేదని అలిగి, మీరిద్దరూ మా టీవీకి ఆ చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డుని, అదే ఆ బుల్లి కంప్యూటర్‌ని, తగిలించుకుని దిమ్మలతో ఊళ్లు కట్టే మైన్‌క్రాఫ్ట్ ఆట ఆడారు కదా. మీ నాన్న పక్కన ఇంకో విండో తెరిచి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఓ ఏడెనిమిది లైన్లు కొట్టాడు. అంతే, ఆటలో మీరు అడుగు పెట్టిన చోటల్లా పూలు పూశాయి. అప్పుడు చిట్టి అడిగింది: "తాతయ్యా, నాన్న రాసింది ఆట బయట ఉంది కదా. లోపల ఉన్న ఆటకి ఎట్లా తెలిసింది?" రాత్రి చెప్తానన్నాను. అన్నం తినేలోపు ఇద్దరూ నిద్రపోయారు, పొద్దున్నే మియాపూర్ వెళ్లిపోయారు. అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ పడకూడదు. అందుకే ఈ ఉత్తరం.

నా చిన్నప్పుడు నారాయణగూడలో మేం మేడ మీద అద్దెకుండేవాళ్లం. సరిగ్గా మా వరండా కింద కిరాణా దుకాణం. మెట్లు నిటారుగా ఉండేవి, అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. వరండా కమ్మీకి ఒక తాడు, తాడు చివర వెదురుబుట్ట కట్టి ఉంచేది. చీటీ, డబ్బులు బుట్టలో వేసి కిందికి దించేది. దుకాణం చాచా చీటీ చూసి సామాన్లు వేసి తాడు రెండుసార్లు లాగేవాడు. అమ్మ పైకి చేదుకునేది. ఆమె ఎన్నడూ దుకాణంలో అడుగు పెట్టలేదు, ఆయన ఎన్నడూ మా మెట్లెక్కలేదు. మధ్యలో ఆ తాడొక్కటే.

మీ ఆటకి కూడా అట్లాంటి తాడు ఉంది. 2013లో రాస్ప్‌బెర్రీ పై కోసమని మైన్‌క్రాఫ్ట్‌ని ఉచితంగా ఇచ్చినప్పుడు, దాన్ని చేసినవాళ్లు కావాలనే ఒక పోర్టు, అంటే బయటి ప్రోగ్రాములు మాట పంపే కిటికీ, తెరిచి పెట్టారు. దాని నంబరు 4711. ఆట నడుస్తున్నంతసేపూ ఆ నంబరు దగ్గర ఎవరైనా చీటీ దించుతారేమోనని చూస్తూనే ఉంటుంది. పిల్లలు ఆడటంతో ఆగకుండా, ఆటకే పని చెప్పడం నేర్చుకోవాలని వాళ్ల ఆశ. ఆ ఆశకి నేను దణ్ణం పెడతాను.

ఇప్పుడు చీటీ సంగతి. చాచాకి తెలుగు చదవడం రాదు, అమ్మకి ఉర్దూ రాయడం రాదు. ఇద్దరికీ తెలిసినవి అంకెలు. అందుకని ఒక ఒప్పందం పెట్టుకున్నారు: మొదటి అంకె కందిపప్పు, రెండోది బెల్లం, మూడోది ఉప్పు, అన్నీ కిలోల్లో. "1, 3, 1" అని రాస్తే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. మీ నాన్న రాసింది కూడా ఇట్లాంటిదే. సెట్‌బ్లాక్, అంటే దిమ్మ పెట్టు, అని రాసి, 10, 5, 3, 38 అన్నాడనుకోండి. మొదటి మూడూ చోటు, నాలుగోది వస్తువు. 38 అంటే పువ్వు. 41 వేస్తే బంగారు దిమ్మ, 46 అయితే టీఎన్‌టీ, అంటే పేలుడు దిమ్మ. పైథాన్‌లో మీ నాన్న మొదట్లోనే పిలిచిన ఎంసీపీఐ అనే లైబ్రరీ ఈ అంకెల్ని ఒక వరుసగా చీటీ మీద రాసి, చీటీ అయిపోయిందని చెప్పడానికి కొత్త లైను గుర్తు పెట్టి, 4711 దగ్గర దించుతుంది. లైబ్రరీ చేసే పని ఇంతే: మన తరఫున తప్పుల్లేకుండా చీటీ రాయడం, వచ్చిన జవాబు చదివి పెట్టడం.

ఒక సంక్రాంతికి అరిసెల కోసం బెల్లం మూడు కిలోలు కావాలి. అమ్మ చేతికి పిండంటుకుని ఉందని నన్ను చీటీ రాయమంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. "1, 1, 3" అని రాసి దించాను. బుట్ట బరువుగా పైకొచ్చింది. తీసి చూస్తే మూడు కిలోల ఉప్పు! చాచా తప్పేం లేదు, తాడు తప్పు అంతకన్నా లేదు. అమ్మ తిట్టలేదు. నా చేతే మళ్లీ చీటీ రాయించి, దించే ముందు పైకి చదవమంది. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు, మీరూ చేసుకోండి. బుజ్జీ, నువ్వు గోడ ఎత్తుగా లేపబోతే నేల మీద పొడుగ్గా పడుకుంది, గుర్తుందా? ఆటలో ఎత్తు చెప్పేది మధ్య అంకె. నువ్వు మూడోది మార్చావు. అది నా ఉప్పే.

ఇంకొకటి. కొన్ని చీటీలకి జవాబు రాదు: "ఇక్కడ పువ్వు పెట్టు" అంటే పెట్టేసి ఊరుకుంటుంది. కొన్నిటికి జవాబు వచ్చేదాకా తాడు పట్టుకుని నిలబడాలి: "నేనిప్పుడు ఎక్కడున్నాను?" అని అడిగితే మూడంకెలు పైకొస్తాయి. మీ పూలబాటలో ఈ రెండే ఉన్నాయి. ఎక్కడున్నానని అడగడం, అక్కడ పువ్వు పెట్టమనడం. కాస్త ఆగి, మళ్లీ అదే. ఆ ఆగడం సెకనులో పదో వంతు. మా అమ్మ రోజుకి రెండుసార్లు దించే బుట్ట, మా టీవీ ముందు సెకనుకి దాదాపు పదిసార్లు దిగి ఎక్కుతోంది! నేను ఆ రాత్రి పడుకుని అదే తలుచుకున్నాను.

తాడు పొడుగ్గా ఉంటే పక్కింటి నుంచి కూడా దించొచ్చు. ఆట ఉన్న బోర్డు చిరునామా చెబితే, అదే వైఫైలో ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి కూడా ఈ చీటీలు వెళ్తాయి. అయితే మీ స్నేహితుడు కట్టుకున్న ఊళ్లోకి చీటీ పంపే ముందు వాణ్ణి అడగండి. అడగకుండా ఎవరి ఇంట్లోనూ పువ్వు కూడా పెట్టకూడదు.

ఆ పోర్టు లోపల ఇంకా ఏం జరుగుతుందో నేను చెప్పడం కన్నా మీరు చూడటమే బాగుంటుంది. శనివారం నాన్నని అడిగి, పువ్వు పెట్టే లైను తీసేయించండి. దాని చోట, జవాబుగా వచ్చిన మూడంకెల్నీ తెర మీద చూపించే లైను పెట్టించండి. ఒకరు ఆట ఆడండి, ఒకరు అంకెలు చూడండి. ముందుకి నడవండి, పక్కకి నడవండి. తర్వాత ఉన్నచోటే ఒక్కసారి ఎగరండి. ఏ అంకె లేచి మళ్లీ దిగిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య