హోలీకి మధుర పోతారా? మా ఆదోని ఆఫీసులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ఆదోనిలో చిన్న ట్రావెల్స్ నడుపుతా. మా అసలు గిరాకీ కాశీ, షిర్డీ, పండరిపురం యాత్రలే గానీ సంక్రాంతి దాటితే చాలు హోలీ ఫోన్లు మొదలైతాయి, అన్నా మధుర బ్యాచ్ ఎప్పుడు, వీడియోల్లో ఆడోళ్లు కట్టెలతో కొట్టేది చూడాల, అని. ఆ ఫోన్లలో తప్పుగా అనుకునే మాటలు ఏటా అవే, అందుకే ఒకేసారి రాసి పెడుతున్నా.

అపోహ: హోలీ సెలవు రోజుకి అక్కడ ఉంటే అన్నీ చూడొచ్చు

అన్నిటికంటే ఎక్కువ డబ్బులు పోగొట్టేది ఇదే. మధుర చుట్టుపక్కల బ్రజ్ ప్రాంతంలో హోలీ అంటే ఒక రోజు కాదు, వసంత పంచమి నాడు మొదలై నలభై రోజులు నడుస్తుంది, ఏ ఊరి హోలీ ఆ ఊరిదే, ఏ తిథి ఆ తిథిదే. బర్సానాలో లడ్డూ హోలీ ఫాల్గుణ శుద్ధ అష్టమి, లాఠ్‌మార్, అంటే ఆ కట్టెల హోలీ, నవమి, మరుసటి రోజు దశమి నాడు అదే లాఠ్‌మార్ నందగావ్‌లో, ఏకాదశి నుంచి పున్నమి దాకా బృందావనం బాంకే బిహారీ గుళ్లో రంగులు, మధ్యలో ద్వాదశికి గోకుల్‌లో సన్న బెత్తాలతో ఛడీమార్. 2025లో హోలీ మార్చి 14న వస్తే బర్సానా లాఠ్‌మార్ మార్చి 8నే అయిపోయింది. మార్చి 13 రాత్రి దిగి "కట్టెల హోలీ యాడ అన్నా" అని అడిగితే నేనేం చెప్పాల? ప్యాకేజీ కాగితం మీద "బ్రజ్ హోలీ, మూడు రోజులు" అని ఉంటే ఆ మూడు రోజులు ఏ తిథులో ముందు అడగండి, చెప్పలేకపోతే ఆ ఏజెంటుకి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇంకో చిక్కు ఉంది. వాళ్లకి పున్నమితో నెల అయిపోతుంది, మనకి అమావాస్యతో. హోలీ మరుసటి రోజు బల్‌దేవ్ అనే ఊళ్లో దావూజీ, అంటే బలరాముడి గుళ్లో హురంగా అనే హోలీ ఆట జరుగుతుంది, అది అక్కడి క్యాలెండర్‌లో చైత్ర కృష్ణ విదియ, మన పంచాంగంలో మాత్రం ఫాల్గుణ బహుళ విదియే. చైత్రం అని చూసి ఉగాది తర్వాత లెక్కేసుకున్నారంటే నెల తేడాతో పోయి ఖాళీ గుడి చూసి వస్తారు. శుద్ధ పక్షం వరకు మన ఇంట్లో గోడకి వేలాడే క్యాలెండర్ చాలు, బహుళం వచ్చిందంటే ఆ ఊరోళ్లని అడిగే టికెట్ తీయండి.

అపోహ: రైలు టికెట్లు నాలుగు నెలల ముందే తీసిపెట్టుకోవచ్చు

పాత మాట. 2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ 120 రోజులు కాదు, 60 రోజుల ముందు మాత్రమే ఓపెన్ అయితుంది. కాబట్టి నవమి ఏ తేదీనో చూసి, ఒక రోజు ముందు మధురలో దిగేలా లెక్కేసి, ఆ బండి మొదటి స్టేషన్‌లో బయల్దేరే తేదీ నుంచి వెనక్కి అరవై రోజులు లెక్కపెట్టి ఆ పొద్దున్నే కూర్చోవాల. మనకి సుఖం ఏందంటే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ అనంతపురం, గుంతకల్లు, ఆదోని మీదుగా పోయి మధుర మీదుగానే ఢిల్లీ చేరుతుంది, ఢిల్లీ దాకా పోయి మళ్లా వెనక్కి రావాల్సిన పని లేదు. అర్ధరాత్రి దాటినాక మన స్టేషన్‌కి వచ్చే బండికి టికెట్ మరుసటి తేదీది తీయాల, ఇది చిన్న మాటే గానీ దీని దగ్గర ఫ్యామిలీలకి ఫ్యామిలీలే ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయినాయి.

అపోహ: లాఠ్‌మార్‌లో మనకీ దెబ్బలు పడతాయి (లేదా మనమూ ఆడొచ్చు)

రెండూ కాదు. అది రెండు ఊర్ల మధ్య ఆట, నందగావ్ నుంచి కృష్ణుడి పక్షం మగోళ్లు వస్తారు, వాళ్లని హురియారే అంటారు, తలకి దట్టంగా పాగా చుట్టుకుని చేతిలో డాలు పట్టుకుని కింద కూర్చుంటే, రాధ ఊరు బర్సానా ఆడోళ్లు ముసుగేసుకుని లాఠీలతో ఆ డాలు మీద కొడతారు. మనం చూసే జనం అంతే. మనకి పడేది లాఠీ కాదు, బకెట్ల కొద్దీ రంగునీళ్లు.

నిజంగా భయపడాల్సింది జనానికి. బర్సానాలో లాఠ్‌మార్ ఆడే రంగీలీ గలీ సన్నటి సందు, లాడ్లీజీ (రాధ) గుడి కొండ మీద, మెట్లెక్కాల, వేలమంది ఒకేసారి ఎక్కుతాంటారు. 2024లో లడ్డూ హోలీ నాడు అక్కడ తోపులాటలో కొంతమందికి దెబ్బలు తగిలినాయి. మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఉన్నోళ్లని, చిన్నపిల్లల్ని నేను ఆ రెండు రోజులు బర్సానా తీసుకుపోను, కోప్పడినా సరే. వాళ్లని మధురలో ద్వారకాధీశ్ గుడికి పొద్దున్నే తీసుకుపోతే హాయిగా చూసుకుంటారు. వీధిలో ఆటకి టికెట్ ఏం లేదు, వీఐపీ పాస్ అని ఎవరన్నా అమ్మితే నమ్మొద్దు. మిద్దెల మీద నిలబడనిచ్చి ఇంటోళ్లు డబ్బులు తీసుకుంటారు, అది వేరే, కెమెరా ఉన్నోళ్లకి అదే మేలు. బండ్లు ఊరి బయటే చాలా దూరంలో ఆపేస్తారు, నడవాల.

అపోహ: భంగ్ (గంజాయి చెట్టు ఆకు నూరింది) ప్రసాదమే కదా, ఏం కాదు

మన కుర్రోళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే అనుకోండి. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్)లో గంజాయి నిర్వచనంలోకి ఒట్టి ఆకు రాదు, అందుకే యూపీలో లైసెన్స్ ఉన్న భంగ్ షాపులు ఉంటాయి. అంతవరకు కరెక్టే. కానీ తాగినప్పుడు అది వెంటనే ఎక్కదు, అర గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు, ఈలోపల ఏం కాలేదని ఇంకో గ్లాసు ఠండాయి (భంగ్ కలిపిన పాలు) దించేస్తారు, రెండూ కలిసి ఎక్కినాక ఆ సందుల్లో వాణ్ని మోసేది మేమే. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు అసలు ముట్టొద్దు, బ్యాగులో వేసుకుని మన రాష్ట్రానికి తెచ్చే ఆలోచనే వద్దు. మందు, మాంసం సంగతి కూడా అడుగుతారు, బృందావనం, బర్సానా 2017 నుంచి తీర్థస్థలాలు, రెండూ నిషేధం. గొడ్డుకారం, శెనక్కాయల పొడి మాత్రం తప్పకుండా పెట్టుకోండి, అక్కడి కూరలు మన నాలుకకి చప్పగా ఉంటాయి.

అపోహ: ప్యాకెట్ మీద హెర్బల్ అని ఉంటే చాలు

ఆ మాట ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు. అసలు పాత రంగు టేసూ పూలది, అదే మన మోదుగ పువ్వు, నల్లమలలో కూడా ఈ కాలంలోనే పూస్తుంది, నీళ్లలో నానబెట్టి ఉడికిస్తే కాషాయం రంగు దిగుతుంది. దావూజీ హురంగాలో ఇప్పటికీ టేసూ నీళ్లే వాడతారు. వీధిలో మనమీద పడేది ఏ రంగో మన చేతిలో ఉండదు కాబట్టి ముందే తలకి, ఒంటికి కొబ్బరి నూనె బాగా పట్టించండి, కాంటాక్ట్ లెన్స్ తీసేయండి. కడిగేటప్పుడు కిరోసిన్ వద్దు, నూనె, శెనగపిండి చాలు, రెండు మూడు స్నానాలకి అదే పోతుంది.

ఆడోళ్లకి ఒక మాట. వీడియోల్లో అందరూ తెల్లబట్టల్లో బాగుంటారు గానీ తడిస్తే తెలుపు ఒంటికి అంటుకుపోతుంది, ముదురు రంగు కాటన్ మేలు. జనంలో చేతులు వేసేవాళ్లు ఉంటారు, ఇది దాచి టూర్ అమ్మడం నాకు ఇష్టం లేదు. గుంపుగా ఉండండి, చీకటి పడేలోపు రూముకి వచ్చేయండి.

చిన్న చిన్నవి:

అక్కడ కూడా మనలాగే ఎండ అనుకుంటారు. పొద్దున పూట చల్లగా ఉంటుంది, తడిసినాక వణుకు వస్తుంది, పలచని స్వెటర్ పెట్టుకోండి.

మధురలో కృష్ణ జన్మభూమి గుళ్లోకి ఫోన్ తీసుకుపోవచ్చు అనుకుంటారు. పోనివ్వరు, బయట లాకర్‌లో పెట్టాల.

బృందావనంలో వితంతువులు రంగు ముట్టరు అనేది కూడా పాత మాటే. 2013లో సులభ్ సంస్థ వాళ్లతో హోలీ ఆడించడం మొదలుపెట్టింది, తర్వాత గోపీనాథ్ గుళ్లోనే ఆడుతున్నారు.

అపోహ: హోలీ ఉత్తరాది పండగ, మన సీమలో ఏముంది

ఈ మాట ఆదోనిలో కూర్చుని అంటే నాకు నవ్వొస్తుంది. పదిహేనో శతాబ్దంలో విజయనగరం వచ్చిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటీ, అక్కడ మూడు రోజుల పండగలో దారిన పోయేవాళ్ల మీద, రాజు రాణి అని కూడా చూడకుండా, కుంకుమపువ్వు నీళ్లు చల్లేవాళ్లని రాసుకున్నాడు. ఆ హంపీలో ఇప్పుడు కూడా హోలీ నాడు బజారు వీధి నిండా జనమే, ఊరోళ్లు, విదేశీయులు కలిసి ఆడి తుంగభద్రలో మునుగుతారు. అనంతపురం వాళ్లకి బళ్లారి దాటితే హోస్పేట, ఇంక హంపీ వచ్చినట్లే. నీళ్లలో బండలు, సుడులు ఉంటాయి, ఈత రానోళ్లు ఒడ్డునే ఉండండి.

ఇంకా దగ్గర కావాలంటే మా ఆదోని దగ్గరి సంతెకుడ్లూరు. హోలీకి అక్కడ మగోళ్లు చీర కట్టుకుని, నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని రతీ మన్మథులకి పూజ చేస్తారు, కోరిక తీరిందని కొందరు, తీరాలని కొందరు, చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా. దీన్ని కామెడీ అనుకుని ఫోన్లు పట్టుకుని మొహం మీదికి పోయి నవ్వుతూ రీల్స్ తీసేవాళ్లు ఎక్కువైనారు. అది మొక్కు, వేషం కాదు. ఫొటో కావాలంటే పూజ అయినాక అడగండి, చాలామంది ఇంటోళ్లతో కలిసి నిలబడి మరీ తీయించుకుంటారు. పోయేముందు ఆ ఏడు పూజ ఏ రోజు, ఏ పూట అనేది ఊళ్లో ఎవరినైనా అడిగి బయల్దేరండి.