పంటు మీద ఆనకట్ట నుంచి పోర్టల్‌లో ఐడియా దాకా

గత ఏడాది సెప్టెంబరులో కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు తన నోటుబుక్కు తెచ్చి చూపించింది. వాళ్ల నాన్న రొయ్యల చెరువు కౌలుకు చేస్తాడు. రాత్రిపూట చెరువునీళ్లలో గాలి కలిపే చక్రాలు, అంటే ఏరియేటర్లు, ఆగిపోయి, కాపలా మనిషికి కునుకు పట్టిందంటే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. పెట్టుబడి మొత్తం ఆ ఒక్క రాత్రిలో పోతుంది. ఏరియేటర్ ఆగిన నిమిషంలోనే ఇంట్లో గంట మోగాలన్నది ఆ పిల్ల ఆలోచన. కరెంటు పోతే మోగే అలారాలు బజార్లో దొరుకుతున్నాయి కదమ్మా అన్నాను. "కరెంటున్నా మోటారు కాలిపోతే చక్రం ఆగిపోద్ది కదండీ. మనం చూడాల్సింది కరెంటుని కాదండీ, చక్రాన్ని" అంది.

ముప్పై ఏళ్లుగా పిల్లల ప్రాజెక్టులు చూస్తున్నాను. అంత సూటిగా సమస్యను పట్టుకున్న మాట ఎప్పుడో గానీ వినలేదు. కానీ ఆ ఏడాది ఆ ఆలోచన బడి గేటు దాటలేదు. పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం పెట్టే ఇన్‌స్పైర్ పోటీకి పేర్లు పంపాల్సిన పోర్టల్‌లో ఆ బడి ఖాతా, అంతకుముందే బదిలీ అయిపోయిన హెడ్‌మాస్టారి మెయిల్‌కు ముడిపడి ఉంది. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదు. ఆయన్ని పట్టుకుని, దాన్ని మార్పించేలోపు గడువు ముగిసింది.

డెల్టా పిల్లలు పోటీలో ఓడిపోవడం కంటే పోటీ గుమ్మం దగ్గరే ఆగిపోవడం నేను ఎక్కువగా చూశాను. ఆ గుమ్మం ఎప్పుడూ ఒకేచోట లేదు. యాభై ఏళ్లలో కనీసం నాలుగుసార్లు చోటు మారింది. అది మారిన సంగతి పట్నం బళ్లకు ముందుగా తెలుస్తోంది, మనకు ఆలస్యంగా తెలుస్తోంది.

మొదట్లో అర్హతంటే నమూనా. బడి పాఠ్యపుస్తకాలు తయారుచేసే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 1971లో ఢిల్లీలో పిల్లల కోసం జాతీయ సైన్సు ప్రదర్శన మొదలుపెట్టింది. 1988లో నెహ్రూ శతజయంతి సందర్భంగా దానికి ఆయన పేరు పెట్టారు. జిల్లాలో ఎంపికైతే రాష్ట్రానికి, అక్కడ ఎంపికైతే జాతీయ ప్రదర్శనకు వెళ్లాలి. బల్ల మీద ఏం పెట్టావన్నదే లెక్క. సైన్సు ఫెయిర్ అనగానే ఇప్పటికీ తల్లిదండ్రులు థర్మోకోల్ షీట్లూ రంగులూ కొనడానికి పరుగెత్తేది ఆ రోజుల అలవాటు వల్లే.

నేనూ ఆ దారిలో వెళ్లినవాణ్నే. 1987లో, తొమ్మిదో తరగతిలో ఉండగా, ధవళేశ్వరం ఆనకట్ట నమూనా చేశాను. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట మా ఊళ్లో ప్రతి ఇంటి అన్నం కథ. మా సైన్సు మాస్టారికి అంతకంటే గొప్ప విషయం తోచలేదు. అట్టతో గోడ, సుద్దముక్కలతో తలుపులు, నీలం కాగితంతో గోదావరి. దాన్ని బల్లచెక్క మీద పెట్టి, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కించి కోటిపల్లిలో దింపుకుని, కాకినాడ బస్సు పట్టుకున్నాం. నది మధ్యలో గాలి లేస్తే మాస్టారు తన కండువాతో ఆ ఆనకట్టను కప్పి, రెండు చేతులతో అదిమి కూర్చున్నారు. కాకినాడలో న్యాయనిర్ణేత వచ్చి ఒక్కటే అడిగారు: "ఏదీ, నీళ్లు పోసి చూపించు బాబూ." "అట్ట నానిపోద్దండీ" అన్నాను. ఆయన కోప్పడలేదు. తల నిమిరి పక్క బల్లకు వెళ్లారు. ఆ బల్ల మీద రబ్బరు గొట్టంతో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లు లాగే సైఫన్ పనిచేస్తోంది. అందులో రంగుల్లేవు, పేరు రాసిన అట్ట కూడా లేదు.

రెండో మార్పు 1993లో వచ్చింది. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ మొదలైంది. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలు గైడ్ టీచర్ సాయంతో తమ చుట్టుపక్కల ఉన్న సమస్యనే ఎంచుకుని, కొలిచి, రాసి, నివేదిక సమర్పించాలి. బడి మానేసిన పిల్లలకు కూడా అందులో చోటుంది. సొంత భాషలో రాసుకోవచ్చు. ఏ రోజు ఏం చేశారో రాసిన లాగ్‌బుక్ తప్పనిసరి. ఇక్కడ నమూనాతో పని లేదు. ఓపికగా కొలిచిన కొలతే అర్హత. మన ప్రాంతానికి సరిగ్గా అమరే పోటీ ఇదేనని నా గట్టి నమ్మకం. మలికిపురం మండలంలో శంకరగుప్తం డ్రెయినులోకి పోటు సమయంలో సముద్రపు నీళ్లు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడువారుతున్నాయి. ఆ డ్రెయిను వెంబడి కిలోమీటరుకో సీసా నీళ్లు పట్టి, పున్నమికీ అమావాస్యకూ ఉప్పెంత పెరిగిందో మూడు నెలలు రాసుకున్న పిల్లల దగ్గర ఉండే సమాచారం బయట అంత తేలిగ్గా దొరకదు. దానికి పెద్ద ఖర్చూ లేదు. సీసాలు, ఉప్పు కొలిచే చిన్న మీటరు, సైకిలు చాలు.

1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి సైన్సు పరీక్షల పోటీలూ ఈ కాలంలోనే పల్లెల్లోకి వచ్చాయి. పాఠశాల, మండలం, జిల్లా, రాష్ట్రం అన్న మెట్లు మా పిల్లలకు మొదట అలవాటైంది వాటివల్లే. అది పరికరాల పోటీ కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

2008 డిసెంబరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇన్‌స్పైర్ పథకం ప్రారంభించింది. బడి పిల్లల అవార్డు ఆ మరుసటి ఏడాది నుంచి నడిచింది. ఎంపికైన పిల్లవాడికి ముందే 5,000 రూపాయలు ఇచ్చి, దాంతో ప్రాజెక్టు చేసి జిల్లా ప్రదర్శనకు రమ్మన్నారు. చేతిలో డబ్బు పడటం పేదపిల్లలకు నిజంగా పెద్ద మేలు. కానీ చాలా బళ్లలో క్లాసులో ఫస్టొచ్చే పిల్లవాడి పేరే పంపేసేవారు. ఆలోచన ఎవరిదన్న ప్రశ్న తర్వాత వచ్చేది, ఒక్కోసారి అసలు వచ్చేదే కాదు. డబ్బు తీసుకుని దుకాణంలో తయారుగా దొరికే ప్రాజెక్టు కొనుక్కొచ్చిన సందర్భాలు నేను కళ్లారా చూశాను.

2017లో ఆ అవార్డును మార్చి, పేరుకు మానక్ అని చేర్చారు. జాతీయ ఆవిష్కరణల ప్రతిష్ఠానం భాగస్వామి అయింది. అప్పటినుంచి ముందు ఐడియా, తర్వాత డబ్బు. లెక్క ఇలా ఉంటుంది: దేశం మొత్తం మీద ఏటా పది లక్షల ఐడియాలు రావాలన్నది లక్ష్యం. వాటిలో లక్షను ఎంపిక చేసి ఒక్కొక్కరి ఖాతాలో 10,000 రూపాయలు వేస్తారు. ఆ లక్షమంది జిల్లా ప్రదర్శనలకు వెళ్తారు. అందులోంచి 10,000 రాష్ట్రానికి, 1,000 జాతీయ స్థాయికి, చివరికి 60 అవార్డులు.

ఈ లెక్కను కాస్త ఆగి చూడండి. లక్ష్యం ప్రకారం వస్తే, జాతీయ స్థాయి దాకా ప్రతి మెట్టు దగ్గరా పదిమందిలో తొమ్మిదిమంది ఆగిపోతారు. కానీ జిల్లాలోనూ రాష్ట్రంలోనూ పిల్లవాడు ఎదురుగా నిలబడి తన మాట చెప్పుకోవచ్చు. మొట్టమొదటి వడపోతలో పిల్లవాడు ఉండడు, నమూనా ఉండదు. అతను రాసిన నాలుగు మాటలు మాత్రమే ఉంటాయి. సంఖ్యలో చూస్తే అన్నిటికంటే పెద్ద కోత అక్కడే. మన బళ్లలో అన్నిటికంటే తక్కువ సమయం పెట్టేదీ ఆ నాలుగు మాటల మీదే. గడువు చివరి రోజున, సర్వర్ నెమ్మదించిన వేళ, టీచరే తనకు తోచింది టైపు చేసి పంపేస్తారు.

ఆ నాలుగు మాటల్లో చూసేది ఇది: కొత్తదనం ఉందా, సమాజానికి పనికొస్తుందా, పర్యావరణానికి హాని లేదా, వాడటం తేలికా, ఇప్పటికే ఉన్నదాని కంటే ఏ విషయంలో మెరుగు. ఆ అమ్మాయి నాతో అన్న మాటలో చివరి ప్రశ్నకు జవాబు ఉంది. కరెంటు అలారం ఏం చేయలేదో చెప్పింది, తనదేం చేస్తుందో చెప్పింది. "ఆక్వా రైతులకు ఉపయోగపడే ఆధునిక పరికరం" అని రాసి ఉంటే అది ఆ కుప్పలో కలిసిపోయేది. మంచి తెలుగులో, పిల్లలు మాట్లాడినట్టే రాయనివ్వండి. భారతీయ భాషల్లో పంపే వీలుంది. టీచర్లు ఇంగ్లిషులోకి మార్చే తొందరలో చక్రం పోయి "సిస్టమ్" ఒక్కటే మిగులుతోంది.

ఇక అడుగుల సంగతి. ముందు బడి పోర్టల్‌లో నమోదై ఉండాలి. అది ఒక్కసారి చేస్తే చాలు, జిల్లా అధికారి ఆమోదిస్తారు. తర్వాత బడిలోనే ఐడియాల పోటీ పెట్టి ఐదుగురి వరకు పేర్లు పంపవచ్చు. పిల్లల పేరిట బ్యాంకు ఖాతా ఉండాలి. అది లేకనో, పేరులో అక్షరం తేడా వచ్చో డబ్బు ఆగిపోయిన పిల్లలున్నారు. ఈ అవార్డు మొదట ఆరు నుంచి పది తరగతులకే ఉండేది, ఇప్పుడు ఇంటర్ దాకా పెంచారు. ఈ సంగతి జూనియర్ కాలేజీల్లో చాలామందికి ఇంకా చేరలేదు. జిల్లా ప్రదర్శనకు వెళ్లాక మాత్రం నా అనుభవం ఒకటే: పరికరం మూత తీసి లోపల ఏముందో పిల్లలే చెప్పగలగాలి. దుకాణం ప్రాజెక్టు అక్కడ నిలబడదు.

2016లో అటల్ ఇన్నోవేషన్ మిషన్ వచ్చింది. దాని కింద ఎంపికైన బడికి, పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసుకునే టింకరింగ్ ల్యాబుకోసం 20 లక్షల వరకు ఇస్తారు. సెన్సర్లు, త్రీడీ ప్రింటర్లు పల్లె బడుల్లోకి రావడం మంచిదే. ల్యాబు ఉన్న బడికీ లేని బడికీ మధ్య దూరం కూడా దాంతోనే పెరిగింది. ల్యాబున్న బడి సెలవురోజు పక్క ఊరి పిల్లలకు తలుపు తీస్తే ఆ దూరం కొంతయినా తగ్గుతుంది. కొందరు టీచర్లు తమంతట తామే ఆ పని చేస్తున్నారు, వాళ్లకు నా నమస్కారాలు.

రోబోల పోటీలది వేరే దారి. 2004లో సింగపూర్‌లో మొదలైన వరల్డ్ రోబో ఒలింపియాడ్‌కు ప్రాంతీయ, జాతీయ పోటీలు దాటాలి. కిట్ల ధర మన పిల్లలకు అందేది కాదు. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పోటీ అయిన ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ మొదటి మెట్టు మాత్రం చాలా ఏళ్లు కాగితం మీద పెన్నుతో రాసే పరీక్షగానే ఉండేది. కంప్యూటర్ లేని ఊళ్లో లెక్కలు బాగా వచ్చే పిల్లలకు అదొక దారి. మన వైపు దాన్ని గురించి చెప్పేవారు తక్కువ.

కాలేజీకి వచ్చేసరికి డెల్టా పేదది కాదు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ 1946 నాటిది. భీమవరంలో 1980 నుంచి ఇంజనీరింగ్ చదువు ఉంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కు ఇక్కడి పిల్లలు ఉత్సాహంగా వెళ్తున్నారు. ఆరుగురి జట్టు, అందరూ ఒకే కాలేజీవాళ్లు, కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ప్రభుత్వ శాఖలూ సంస్థలూ ఇచ్చిన సమస్యల్లో ఒకటి ఎంచుకోవాలి. ముందు కాలేజీలోనే జరిగే హ్యాకథాన్‌లో గెలిస్తే కాలేజీ ప్రతినిధి పేరు పంపుతారు. తుది పోటీలో సాఫ్ట్‌వేర్ జట్లు 36 గంటలు ఏకబిగిన పనిచేస్తాయి. చూశారా, ఇక్కడా అంతే. మొదటి గుమ్మం సొంత కాలేజీలోనే ఉంది. లోపలి పోటీ నోటీసు బోర్డు మీద రెండు రోజుల ముందు అంటిస్తే, హాస్టల్ పిల్లలకు తెలుస్తుంది. రోజూ రాజోలు నుంచో నరసాపురం నుంచో బస్సులో వచ్చిపోయే పిల్లలకు తెలియదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కోనసీమ పిల్లలకు జిల్లా అంటే కాకినాడ కాకుండా అమలాపురమైంది. అంతర్వేది వైపు పిల్లలకు ఇది మాటల్లో చెప్పలేని తేడా. తెల్లవారుజామున లేచి గౌతమి పాయ దాటక్కర్లేదు, నమూనాను ఒళ్లో పెట్టుకుని మూడు బస్సులు మారక్కర్లేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. కొత్త హెడ్‌మాస్టారు బడి తెరిచిన వారంలోనే ఖాతా పాస్‌వర్డ్ మార్పించి, బడి పేరు మీద వేరే మెయిల్ తెరిపించి, ఆ వివరాలు స్టాఫ్‌రూమ్ రిజిస్టర్‌లో రాయించారు. పంపిన ఐదు పేర్లలో ఆమెది ఉంది. పోయిన ఆదివారం చెరువుగట్టు మీద చూశాను: ఏరియేటర్ రెక్కకు చిన్న అయస్కాంతం కట్టింది, అది తిరిగిన ప్రతిసారీ ఎదురుగా ఉన్న స్విచ్చి టక్కుమంటోంది. పది సెకన్లు టక్కు వినపడకపోతే గంట మోగుతుంది. ఉప్పునీటి తుంపరకు రెండు వారాల్లోనే తీగ పచ్చగా తుప్పుపట్టింది. మైనం పూసి ఒకటి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఒకటి, పక్కపక్కనే కట్టి ఏది ఎన్నాళ్లు ఆగుతుందో నోటుబుక్కులో రాస్తోంది.