అగ్నిపర్వతం చూపించమన్న మనవలకు

సోంపేట

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో అగ్నిపర్వతం చూపించమని, వేడినీళ్ళ గుండంలో స్నానం చేయించమని మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి అడిగారు. ఆ హడావుడిలో నేనేం చెప్పానో మీకు వినబడి ఉండదు. అందుకే రాస్తున్నాను. అమ్మ చేత చదివించుకోకుండా మీరే చదవండి.

ఆ రెండూ ఒకేచోట ఉంటాయనుకుంటున్నారు మీరు. అలా ఉండాలని లేదు. మన చుట్టుపక్కల కొండల్లో అగ్నిపర్వతం లేదు కానీ, వేడి ఊట దగ్గర్లోనే ఉంది. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డులో సుమారు 50 కిలోమీటర్లు పోతే తప్తపాని. వాన నీరు రాతి పగుళ్ళలోంచి లోపలికి దిగుతుంది. భూమిలో ఒక కిలోమీటరు లోతుకు పోతే 25 నుంచి 30 డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. అలా లోతుకు దిగిన నీరు మన పెరట్లో కాగు నీళ్ళలా కాగి, దారి దొరికినచోట చల్లారకముందే పైకి తన్నుకొస్తుంది. దానికి అగ్నిపర్వతంతో పనిలేదు.

తప్తపాని మేం ఒకసారి వెళ్ళాం. పక్కనే కంధుణి దేవి గుడి ఉంది. ఊట నీటిని స్నానాల కొలనుకు మళ్ళించారు, దిగాల్సింది అందులోనే. దగ్గరకు పోగానే కుళ్ళిన గుడ్డు వాసన. అమ్మమ్మ గట్టుమీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. కాసేపయ్యాక చూస్తే వెండి మట్టెలు పసుప్పచ్చగా మారి, తర్వాత నల్లబడ్డాయి. కొట్టువాడు దొంగవెండి అంటగట్టాడని ఆవిడ దారంతా బాధపడింది. నిజానికి అతని తప్పేం లేదు. నీటిలోని గంధకం వెండికి తగిలితే పైన నల్లటి పొర కడుతుంది. ఇంటికొచ్చి విబూదితో తోమితే మళ్ళీ తెల్లగా మెరిశాయి.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. ఒళ్ళునొప్పులు పోతాయని అమ్మమ్మ కొలనులోకి దిగి చాలాసేపు ఉండిపోయింది. లేచేసరికి కళ్ళు తిరిగాయి. నాకు చేతులూ కాళ్ళూ ఆడలేదు. అందుకని మీకు పదినిమిషాలే, మధ్యలో మంచినీళ్ళు తాగాలి. తల ముంచి ఈత కొట్టడం వద్దు. గోరువెచ్చటి నీటిలో ముక్కుగుండా మెదడుకు చేరే సూక్ష్మజీవి ఒకటి ఉండొచ్చు. చాలా అరుదు, కానీ సోకితే ప్రాణం దక్కడం కష్టం. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇక లావా సంగతి. మీరు హైదరాబాదు నుంచి వచ్చే రైలు రాజమండ్రి మీదుగానే వస్తుంది కదా, అక్కడ ఒకరోజు దిగుదాం. గౌరీపట్నం, పంగిడి వైపు కనిపించే నల్లరాయి ఒకప్పటి లావానే. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కను పడమటి వైపు పొంగిన లావా, ఆనాటి నదుల లోయలు పట్టుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని శాస్త్రవేత్తలు చెబుతారు. క్వారీల్లోకి దిగకూడదు, రోడ్డు పక్కనుంచి చూస్తే చాలు. ఒక ముక్క చేతిలోకి తీసుకుని దాని బరువు చూడండి.

నిజంగా పొగలు కక్కే కొండ మన దేశంలో ఒక్కటే, అండమాన్లలోని బ్యారెన్ ద్వీపం. 1787లో అది పేలినట్టు రాసిపెట్టారు. తర్వాత చాలాకాలం నిద్రపోయి, 1991లో మళ్ళీ లేచింది. భూమి పైపొర పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది. మన దేశాన్ని మోసే పలక అక్కడ సముద్రం కింద పక్క పలక కిందికి దూరిపోతోంది. పోతూ నీటిని కూడా లోపలికి తీసుకుపోతుంది. కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పు వేస్తే ఐసు తొందరగా కరుగుతుంది చూశారా? కాగుతున్న రాతికి నీరు తగిలినా అంతే, మామూలుగా కరగని వేడికే కరిగిపోతుంది. ఆ కరిగిన రాయే పైకొస్తుంది.

ఆ ద్వీపం మీద దిగనివ్వరు. అనుమతి తీసుకుని పడవలోంచి చూడాలి. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ ఉంది. ఇప్పుడు ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. మన జిల్లా నుంచి బతుకుతెరువుకు వెళ్ళి అక్కడే స్థిరపడినవాళ్ళు చాలామంది, తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. బారాటాంగ్‌లో బురద ఉబికే గుంటలు కూడా చూడొచ్చు, ఆ బురద చల్లగానే ఉంటుంది. దారి జారవాలనే ఆదివాసీల అడవిలోంచి పోతుంది. వాళ్ళను ఫోటో తీయకూడదు, వాళ్ళకేమీ ఇవ్వకూడదు. అది వాళ్ళ ఇల్లు. ఈ ప్రయాణం బుజ్జి పదో తరగతి పరీక్షలయ్యాక పెట్టుకుందాం, అప్పటికి డబ్బు కూడా కూడుతుంది.

సంక్రాంతికి మాత్రం రాజమండ్రి, తప్తపాని ఖాయం. జారని చెప్పులు, పాత తువ్వాలు తెచ్చుకోండి. అమ్మమ్మ ఈసారి మట్టెలు ఇంట్లోనే పెట్టి, మీరు నీళ్ళలో వేసి చూడడానికి తెగిపోయిన వెండి పట్టీ ముక్క ఒకటి కొంగున ముడేసి తెస్తానంది.

మీ తాతయ్య